గులాబీరంగు సున్నాలు

మా ఊరి ఆటమైదానం ఆదివారం ప్రార్థనలు జరిగే చాపెల్‌కీ కొండకీ మధ్యన ఉంటుంది. కొండ అని పేరే గానీ, అది క్వారీలో పగలగొట్టి పారబోసిన పలకరాళ్ళ గుట్ట. వానకు తడిసినప్పుడు నల్లగా మెరుస్తుంది. అది మెరవని రోజులు మా ఊళ్ళో తక్కువ.

ఆ మైదానానికి చాలా ఏళ్ళపాటు తెల్లగీతలు గీసినవాడు ఎమ్రిస్ ప్యూ. క్వారీ మూతపడ్డాక ఆయనకు చెప్పుకోదగ్గ పని లేకుండాపోయింది. శుక్రవారం సాయంత్రం సున్నపు బండి తోసుకుంటూ వచ్చి, తాడు కూడా కట్టకుండా, కంటి అంచనాతోనే గీత లాగేవాడు. అడుగు బద్ద పెట్టి గీసినట్టుండేది. గేటు పక్కన ‘మీ కుక్క చేసింది మీరే తీయండి’ అని బోర్డు రాయించి మేకులు కొట్టిందీ ఆయనే. భార్య మెన్నా చనిపోయిన ఏడాది ఆ పని మానేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు, అందరం నమ్మాం. ఆ తర్వాత ఆయన ఇల్లు కదలడమంటే పొద్దున్నే మోట్‌ని మైదానానికి తీసుకెళ్ళి రావడమే. మోట్ ఆయన కుక్క. నలుపూ తెలుపూ మచ్చలతో ఉండే గొర్రెల కుక్క. ముసలిదైపోయి మూతి చుట్టూ వెంట్రుకలు నెరిసిపోయాయి.

నెరిస్ ఆయన ఇంటి పక్కనే ఉండేది. బడి వంటింట్లో పని. మొగుడితో విడిపోయి కూతురు మాబ్లిని తీసుకుని పుట్టినూరికి తిరిగొచ్చింది. మాబ్లి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడేది. అక్టోబరులో ఒక శనివారం బంతి కోసం జారి బోర్లా పడింది. లేచేసరికి మొహం నిండా కుక్క పెంట. జుట్టులో, పెదవుల మీద, కంట్లో కూడా. క్లబ్బు గది వెనక కుళాయి దగ్గర చన్నీళ్ళతో కడుగుతుంటే పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. వారం తిరక్కుండా ఆ కన్ను ఎర్రబడింది. చుక్కల మందుతో తగ్గుతుందని చెబుతూనే, కుక్క పెంటలో ఉండే ఒక రకం పురుగు లోపలికి పోతే చూపే పోవచ్చని డాక్టరు ఒక మాట అన్నాడు. ఆ మాట నెరిస్ బుర్రలో మేకులా దిగబడింది.

కౌన్సిల్‌కి ఫోన్ చేసింది. జిల్లా మొత్తానికీ ఇలాంటివి చూసే మనిషి ఒక్కడే ఉన్నాడని చెప్పి, ఒక కట్ట పోస్టర్లు పంపించారు. దాంతో ఆమె తనే గులాబీరంగు స్ప్రే డబ్బాలు కొని, పెంట కనపడ్డ ప్రతిచోటా గడ్డి మీద చుట్టూ సున్నా చుట్టడం మొదలుపెట్టింది.

“ఏంటే ఇది, మైదానానికి మశూచి పోసినట్టుంది,” అన్నాడు పిల్లలకు ఆట నేర్పే డిల్విన్.

“సిగ్గున్నవాడికి కనపడాలి కదా.”

“సిగ్గున్నవాడు మొదటే తీస్తాడమ్మా. లేనివాడికి నువ్వు పూలదండ వేసినా ఒకటే.”

అయినా కొంత ఫలితం కనపడింది. గేటు దగ్గర తగ్గింది, నడకదారి పక్కన తగ్గింది. చాపెల్ వైపు మూల మాత్రం రోజూ కొత్తది ఉండేది. ఒకరోజు బడికి వెళ్ళేముందు, ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే, నెరిస్ చాపెల్ గోడ పక్కన కాపు కాసింది.

ఎమ్రిస్ వచ్చాడు. మోట్ ముందు, ఆయన వెనక. మూలకు రాగానే మోట్ నడుం వంచి కూర్చుంది. ఎమ్రిస్ జేబులోంచి కవరు తీసి చేతికి తొడుక్కున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలో చెయ్యి ఆడించాడు. ఏదో తీసి, కవరు తిరగేసి, మూతి ముడేసి, చెత్తడబ్బాలో పడేసి వెళ్ళిపోయాడు. ఈయన కాదన్నమాట అనుకుంటూ నెరిస్ అక్కడికి వెళ్ళి చూసింది. పెంట వేడి పొగలు కక్కుతూ అక్కడే ఉంది. దానికి జానెడు అవతల పిడికెడు గడ్డి పీకి ఉంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమనిషి, బోర్డు రాయించిన మనిషి, ఎవరైనా చూస్తారని ఇంత నాటకమా అనుకుంది.

మర్నాడు శనివారం. మ్యాచ్ కోసం తల్లిదండ్రులంతా గొడుగులతో గీత వెంట నిలబడి ఉన్నారు. మోట్‌తో ఎమ్రిస్ ఆ పక్కగా వస్తుంటే నెరిస్ ఎదురెళ్ళింది.

“ప్యూ గారూ, ఒక్క నిమిషం ఆగండి.”

“ఎవరూ, నెరిసా? మీ అమ్మాయి కన్నెలా ఉంది?”

“నిన్న పొద్దున చూశాను మిమ్మల్ని. వంగారు, గడ్డి పీకి కవర్లో వేసుకున్నారు, పోయారు. అక్కడున్నది అక్కడే ఉంది.”

“నేను తీశానమ్మా.”

“గడ్డి తీశారు.”

డిల్విన్ దగ్గరికొచ్చాడు. “నెరిస్, పోనీలే. మ్యాచ్ అయ్యాక మాట్లాడుకోవచ్చు.”

“అయ్యాక ఎందుకు? అందరూ విననీ. ఎవర్ని మాయ చెయ్యడానికండీ ఈ వేషం? ఆ బోర్డు కొట్టించింది మీరు కాదూ?”

ఎమ్రిస్ మొహం కందిపోయింది. “మా మోట్ చేసింది నేనేనాడూ వదిలిపెట్టి పోలేదు. మెన్నా మీద ఒట్టు.”

“మరి ఇదేంటి? మీ కాళ్ళ ముందే ఉంది. రంగు కొట్టి మరీ చూపించా కదా.”

ఆయన కిందికి వంగి చూశాడు. తిన్నగా కాదు, కోడి చూసినట్టు తల ఒక పక్కకు తిప్పి చూశాడు. “ఏదీ” అని అడగలేదు. “ఆ, చూస్తున్నా. తీస్తాను, ఉండు,” అని జేబులోంచి కవరు లాగి ఒక అడుగు ముందుకు వేశాడు. బూటు సరిగ్గా గులాబీరంగు సున్నా మధ్యలో పడింది. ఆయన ఆ అవతల మోకాళ్ళ మీద కూర్చుని ఉత్త గడ్డిని తడమసాగాడు.

ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. తల్లి దాని నోరు మూసింది. ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పటికి అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

అంతమంది ఒక్కసారి ఊరుకునేసరికి ఆయనకూ అర్థమైంది. తడమడం ఆపి, తల ఎత్తకుండానే, “తొక్కానా?” అని అడిగాడు.

“తొక్కారు,” అంది నెరిస్.

ఆయన లేచి బూటు గడ్డికి రాశాడు. చాలాసేపు రాశాడు. తర్వాత గొలుసు చేతికి చుట్టుకుని వెళ్ళిపోయాడు. మోట్ ముందు నడిచింది. ఆ రోజు మ్యాచ్ ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

సాయంత్రం నెరిస్ ఆయన తలుపు తట్టింది. లోపలికి రమ్మన్నాడు. టీ పెట్టాడు. కప్పు అంచు లోపల వేలు పెట్టి, వేడి తగిలాక పోయడం ఆపాడు. ఆమె చూస్తోందని తెలిసి, “మెన్నా ఉన్నప్పుడు ఆవిడే పోసేది,” అన్నాడు.

“ఎప్పట్నుంచి ఇలా?”

“ఆవిడ ఉండగానే మొదలైంది. పక్కలు బాగానే కనపడతాయి. గోడలు, చెట్లు, గుట్ట, అన్నీ. ఏది చూద్దామనుకుంటే దాని మీదే మసి పూసినట్టుంటుంది. నీ గౌను నీలం అని తెలుస్తోంది. మొహం లేదు.”

“డాక్టరుకి చెప్పలేదా?”

“చెప్తే ఏమౌతుందో తెలీదా నాకు? ఒంటరి ముసలాడు, గుడ్డివాడు. బస్టాండు వెనకాల ముసలాళ్ళకని కట్టిన ఆ కొత్త ఫ్లాట్లలో పడేస్తారు. వెచ్చగానే ఉంటుందట. కుక్కల్ని మాత్రం రానివ్వరు.”

మోట్ ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది.

“రేపట్నుంచి నేనూ వస్తాను మీతో. నేను తీస్తాను,” అంది నెరిస్.

“నా వెనకాల ఒకరు ఏరుకుంటూ రావాలా? వద్దమ్మా.” వంగి మోట్ వీపు నిమురుతూ, “నీ పిల్ల మొహానికి తగిలింది మావాడిదేనేమో. అదే ఆలోచిస్తున్నా పొద్దుట్నుంచీ. నువ్వు అరిచావని కాదు. నేను కాపాడిన నేల అది,” అన్నాడు.

క్షమించమని అడగడానికి వచ్చిన నెరిస్ ఆ మాట నోటిదాకా తెచ్చుకోలేక, చల్లారిన టీ తాగేసి ఇంటికొచ్చింది.

మర్నాటి నుంచి ఆయన మైదానానికి వెళ్ళలేదు. మోట్‌ని పెరట్లోకి వదిలాడు. పెరడంటే పలకరాళ్ళు పరిచిన నాలుగడుగుల జాగా. చిన్నప్పట్నుంచీ ఇంటి ఆవరణలో చెయ్యకూడదని నేర్పిన కుక్క అది. ఎంత చెప్పినా చెయ్యలేదు. గేటు దగ్గర నిలబడి, కాళ్ళు వణికిస్తూ సన్నగా మూలిగేది. ఎమ్రిస్ తలుపు దగ్గర నిలబడి, “కానివ్వరా, ఫరవాలేదురా, నేనే చెప్తున్నాగా,” అని బతిమాలడం గోడ అవతలికి వినిపించేది. అది ఆయన మొహంలోకి చూసి తోక ఊపేది, అంతే.

రెండో రోజు సాయంత్రానికి నెరిస్ ఉండబట్టలేక వెళ్ళి తలుపు కొట్టింది. చెయ్యి చాపింది. ఆయన గొలుసు ఇచ్చాడు. తర్వాత జేబులోంచి కవర్ల చుట్ట తీసి అదీ ఇచ్చాడు.

ఆ చలికాలమంతా పొద్దున్నే మోట్‌ని ఆమే తిప్పింది. “మీరూ రండి, కాస్త గాలి పీల్చుకున్నట్టుంటుంది,” అని చాలాసార్లు పిలిచింది. రాలేదు. తిరిగొచ్చేసరికి గడపలో నిలబడి ఉండేవాడు. ఒక్కటే అడిగేవాడు.

“గట్టిగా చేశాడా, పల్చగానా?”

“గట్టిగానే.”

“సరే అయితే.”

క్రిస్మస్‌కి మాబ్లి మోట్ మెడకు ఎర్ర రిబ్బను కట్టింది. ఎమ్రిస్ దాన్ని వేళ్ళతో తడిమి, “ఎరుపా?” అని అడిగి, తీయకుండా ఉంచాడు. ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున మోట్ చాపెల్ మూల దగ్గర పక్కకి ఒరిగిపోయింది. నెరిస్ దాన్ని కోటులో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకొచ్చింది. పశువుల డాక్టరు వచ్చి, గుండె పని అయిపోయిందని, బాధ లేకుండా పంపించడమే మంచిదని చెప్పాడు. ఎమ్రిస్ నేల మీద కూర్చుని, దాని తల ఒళ్ళో పెట్టుకుని, చెవుల వెనక నిమురుతూ ఉండిపోయాడు. పోయాక కూడా ఆ చెయ్యి ఆగలేదు. డాక్టరే మెల్లగా పట్టుకుని ఆపాల్సి వచ్చింది. గుట్ట కింద కాస్త మెత్తటి మట్టి ఉన్నచోట డిల్విన్ గొయ్యి తీశాడు. చాపెల్‌కి వేసుకునే కోటు తొడుక్కుని, నెరిస్ మోచెయ్యి పట్టుకుని ఎమ్రిస్ అక్కడిదాకా నడిచాడు.

“ఇక నా కళ్ళ సంగతి డాక్టరుకి చెప్పెయ్యొచ్చు,” అన్నాడు తిరిగొస్తూ. “ఇప్పుడు ఎక్కడ పెడితే ఏంటి?”

ఏప్రిల్‌లో ఆయన ఫ్లాట్లలోకి మారిపోయాడు. నిజంగానే వెచ్చగా ఉంటుంది. ఆదివారాలు నెరిస్ ఎండుద్రాక్ష రొట్టె చేసి పట్టుకెళ్ళేది. వెన్న రాసి ముక్క చేతిలో పెడితే, పొడి రాలకుండా కింద అరచెయ్యి పట్టుకుని తినేవాడు. వాతావరణం, మాబ్లి చదువు, డిల్విన్ నడుంనొప్పి, ఇవే మాటలు. మైదానం ఊసు ఇద్దరూ ఎత్తేవారు కాదు. మే నెలలో ఒకసారి ఆయనే ఎత్తాడు.

“మైదానం శుభ్రంగా ఉంటోందా ఇప్పుడు?”

శుభ్రంగా ఉందంటే తప్పంతా మోట్‌దే అని చెప్పినట్టు. లేదంటే ఆయన ప్రాణంగా చూసుకున్న నేల ఇంకా అలాగే ఉందని చెప్పినట్టు. ఆయనకు అబద్ధం చెప్పడం నెరిస్‌కి చేతకాలేదు.

“లేదండీ. అలాగే ఉంది. నిన్న కూడా చాపెల్ మూల నుంచి సగం కవరు తీశాను.”

“సగం కవరా?”

“ఆ. ఎప్పుడూ అంతే. వేరేవాళ్ళవి అప్పుడూ ఉన్నాయి. నేనే చూసుకోలేదు. కనపడ్డవన్నీ మోట్‌వే అనుకున్నాను.”

ఆయన రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేశాడు. గెలిచిన మొహం కాదు అది.

“ఆ శనివారం ఇంటికొచ్చాక వాణ్ణి తిట్టాను నెరిస్. ఎప్పుడూ తిట్టలేదు అంతకుముందు. నీవల్లే కదరా ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా అన్నాను. గొలుసుతో నేల మీద కొట్టాను. వాడు బల్ల కిందికి దూరి చీకటిపడేదాకా రాలేదు. ఎందుకు తిట్టానో వాడికేం తెలుసు?”

నెరిస్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కింద భోజనాల గదిలో గంట కొట్టారు. వరండాలో చప్పుడు చేస్తూ కర్రలు, చక్రాల కుర్చీలు వెళుతున్నాయి. ఆయన లేవలేదు, ఆమె లేపలేదు. వడ్డించేవాళ్ళు వచ్చి తలుపు తట్టేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.