మూలలున్న గుంటలు

మా అలెగనీ కొండల్లో జింకల వేట మొదలవబోతుందంటే, ముందురోజు ఎవరి మనసూ పనిమీద నిలవదు. నేను తుపాకీ ముట్టను గానీ వండి పెడితే వద్దనను.

మా ఫ్యాక్టరీలో తుంటి కీళ్లకు అమర్చే సిరామిక్ గుండ్లు చేస్తాం. పొడిని అచ్చులో నొక్కి బట్టీలో కాలిస్తే, రేణువులన్నీ అతుక్కుని బిగుస్తాయి. బట్టీ చూసేది మిల్ట్ హేబర్లీ, అరవై దాటిన మనిషి. నా పని, నమూనా ముక్కను మైక్రోస్కోపు కింద ఫొటో తీసి, అందులో రంధ్రాలు ఎంతమేర ఉన్నాయో కంప్యూటరుతో లెక్కగట్టించడం. దానికి తెలిసింది ఒక్కటే, నల్లగా ఉన్నదల్లా రంధ్రం.

వేట మొదలయ్యాక వచ్చిన సోమవారం ఫొటో నిండా నల్లమచ్చలే. లెక్క మామూలుకి ఐదింతలు వచ్చింది. మేనేజరు రాయిస్ అంకె ఒక్కటి చూసి, మిల్ట్‌కి వయసైపోయింది, మంట చూసుకోవడం చేతకావడం లేదని తేల్చేశాడు. గుండ్లన్నీ పారేయమన్నాడు. మిల్ట్‌ని ఈ శుక్రవారంతో మానేయమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా అంకె పట్టుకుని పెద్దాయన పొట్ట కొడతాడా?

ముందు గుండ్లను నీళ్లలో తూచి చూశాను. లోపల అన్ని రంధ్రాలుంటే తేలికవ్వాలి, కానీ ఎప్పటి బరువే ఉంది. అప్పుడు ఫొటోని బాగా పెద్దది చేశాను. బట్టీలో మిగిలే రంధ్రం వేడికి అంచులు నున్నబడి గుండ్రంగా ఉంటుంది. వీటికి మూలలున్నాయి. ఇవి రుద్దేటప్పుడు రేణువులు ఊడిపోయి పడిన గుంటలు.

నమూనాలు రుద్ది మెరుగుపెట్టే గెరిట్‌ని నిలదీశాను. నేలచూపులు చూశాడు. చీకటిపడేలోగా అడవిలో వేట గుడిసె చేరాలని, శుక్రవారం రుద్దే చక్రాల్లో మధ్యవి రెండూ ఎగ్గొట్టి, గరుకుదాని నుంచి నేరుగా ఆఖరి మెత్తదానికి వెళ్లిపోయాడట.

"జింక దొరికిందా?"

"తోక కూడా కనబడలేదు."

"నీకు జింక దొరకలేదు గానీ రాయిస్‌కి మిల్ట్ దొరికాడు."

రాయిస్ ఒప్పుకోలేదు, కంప్యూటరు అబద్ధమాడదన్నాడు.

"ఆడలేదు. నలుపెంతో చెప్పమన్నాం, చెప్పింది. అసలు రుద్దకుండానే చూద్దాం రండి" అన్నాను.

అదే విడతలో కాల్చిన ఒక గుండుని అతని ఎదురుగానే యంత్రంలో పెట్టి విరగ్గొట్టాను. విరిగిన ముఖాన్ని అలాగే మైక్రోస్కోపు కింద పెట్టాను. రేణువులు సందు లేకుండా ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. రాయిస్ తనే కన్నుపెట్టి చూశాడు. ఆ తర్వాత, ఆ మాత్రం మెచ్చుకోవాలి, ఎవరినీ పంపకుండా తానే బట్టీ దగ్గరికి నడిచాడు. తప్పు తనదేనని, వచ్చే సోమవారం కూడా బట్టీ మిల్టే వెలిగించాలని చెప్పాడు.

మిల్ట్ సరేనన్నట్టు తలూపాడు. రాయిస్ వెళ్లాక పొడి బస్తా మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన ముఖం నవ్వుతోంది.

"ఇంట్లో ఇంకా చెప్పలేదమ్మా" అన్నాడు. "వచ్చే సోమవారం నుంచి పొద్దున్నే పనికని బయల్దేరి, సాయంత్రం దాకా ఎక్కడ కూర్చోవాలా అని చూస్తున్నా."