పెద్దోడు పెట్టిన పాళ్లు

పంపకం రోజు పొద్దున్నే వనజ స్టూడియో తలుపు సందులోంచి లోపలికి చూసింది. బావ సదానందం నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు గది కంప్యూటర్ మూత ఊడదీసి ఉంది. దాంట్లో ఉండాల్సిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఆయన చేతిలో ఉంది. మెట్ల కింద మూలపడి ఉండే పాత కంప్యూటర్ కూడా మూత తీసి పక్కనే పెట్టుకున్నాడు. వనజకు ఒళ్లు మండిపోయింది. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది.

జమ్మికుంటలో పత్తి మార్కెట్ దారిలో అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టుకున్న స్టూడియో అది. తమ్ముడు సంపత్ మస్కట్ పోయాక అతని వంతు పని భార్య వనజ మీద పడింది. ఆమె పంతం పట్టి పెళ్లి వీడియోలు కూర్చడం నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, హుస్నాబాద్ వాళ్లు కూడా సంపత్‌ను మరిచిపోయి ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. సదానందానిది ఫోటోలు, ఆల్బముల పని.

నిరుడు సెలవు మీద వస్తూ సంపత్ రెండు కార్డులు తెచ్చాడు. ఒకటి మెమరీ ఎక్కువున్న పెద్దది, వీడియోలకు పనికొచ్చేది. రెండోది చిన్నది, ఫోటోలకు చాలు. ఏది ఎవరికి పనికొస్తుందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ గిరాకీలు కూర్చునే చోట మంచి మిషన్ ఉండాలని సదానందం పెద్దదాన్ని ముందు గదిలో బిగించాడు. చిన్నది వెనక గదిలో వనజ మిషన్‌కు వచ్చింది. ఒక్క బరాత్ వీడియో తయారు చేయాలంటే ఆ మిషన్ సగం దాకా వచ్చి చచ్చేది, మళ్లీ మొదటినుంచి పెట్టాలి. అప్పటినుంచి బావతో మాటలు బందు. చెప్పక తప్పనిది ఏమన్నా ఉంటే ఆమె గోడకు చెప్పినట్టు చెప్పేది, ఆయన గోడలాగే వినేవాడు. ఒకే కప్పు కింద అట్లా ఏడాది గడపడం మామూలు మొండితనం కాదు.

చివరికి వేరుపడదామన్నారు. వనజ బస్టాండు దగ్గర ఒక గది చూసుకుంది. పెద్ద కార్డు తన పాలికొస్తే ఆ గది నిలుస్తుంది. రాకపోతే ఒప్పుకున్న పెళ్లి వీడియోల్లో ఒక్కటీ సమయానికి ఇవ్వలేకపోతుంది, తల వంచుకుని మళ్లీ ఇదే గడప తొక్కాలి. సంపత్‌కు అక్కడ పని ఆగిపోయింది, కొత్తది కొనే దారి లేదు. ఆమె ప్రాణమంతా ఆ ఒక్క కార్డు మీదే ఉంది.

వాళ్లలో పంపకానికి ఒక పద్ధతి ఉంది. పొలమైనా, బర్రెలైనా, పెద్దవాడు పాళ్లు పెడతాడు, చిన్నవాడు ముందు ఏరుకుంటాడు. మోసం చేస్తే తనకే తగులుతుందన్న భయంతో పెద్దవాడు సరిగ్గా పెట్టాలి. ఏరుకున్నాక మాట మార్చడానికి లేదు. మేనమామ మల్లన్న నడుమ కూర్చున్నాడు. సంపత్ ఫోన్లో, వనజ ఏది కోరుకుంటే అదే నాది అని చెప్పి పెట్టేశాడు.

కెమెరాలు, లైట్లు గొడవ లేకుండా తేలిపోయాయి. కంప్యూటర్ల దగ్గరికి వచ్చారు. సదానందం వెనక గది మిషన్‌ను ఒక్కదాన్నే ఒక పక్క పెట్టాడు. ముందు గది మిషన్‌ను, మెట్ల కింది పాతదాన్ని కలిపి ఇంకో పక్క పెట్టాడు.

వనజ లోపల్లోపల నవ్వుకుంది. తన చేతికి అలవాటైన మిషన్‌నే తను పట్టుకుంటుందని, ఆ పాత డొక్కు ఎవరి కంటికీ ఆనదని బావ ఎత్తు వేశాడు. కార్డు కచ్చితంగా ఆ డొక్కులోనే దాచాడు.

"మూతలు తీపిస్త బిడ్డా, సూసుకొని చెప్పు" అన్నాడు మల్లన్న.

సదానందం స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మూత తీస్తే గుట్టు బయటపడుతుంది, బయటపడితే ఏదో సాకు చెప్పి పాళ్లు మారుస్తాడు. వనజ ఆ సందు ఇవ్వదలచుకోలేదు.

"తీసుడు అవసరం లేదు మామా. పొద్దుగాల తలుపు దగ్గరేసుకొని దొంగలెక్క సదురుతుంటె సూసిన. గా రెండు నాయి."

సదానందం ముఖం మాడిపోయింది. మల్లన్న ఇంకోసారి ఆలోచించుకొమ్మన్నాడు. ఆమె వినలేదు. బావ స్క్రూడ్రైవర్‌ను మెల్లగా కింద పెట్టేశాడు. దొరికిపోయాడు కాబట్టే నోరు రాలేదని వనజకు కడుపు నిండినంత సంతోషమైంది.

రెండు మిషన్లూ ఆటోలో వేసుకుని గదికి తెచ్చి, ముందు పాతదాని మూత తీసింది. కార్డు లేదు. కార్డే కాదు, కరెంటు సప్లై డబ్బా కూడా లేదు, దాన్ని ఊడదీసిన చోటు ఖాళీగా ఉంది. గబగబా ముందు గది మిషన్ విప్పింది. దాంట్లో చిన్న కార్డు ఉంది.

అప్పుడు తెలిసింది. పెద్ద కార్డుకు కరెంటు ఎక్కువ కావాలి, తన వెనక గది మిషన్‌లోని సప్లై దాన్ని మోయలేదు. అందుకని బావ పాతదాంట్లోని పెద్ద సప్లై ఊడదీసి, వనజ మిషన్‌లో బిగించి, దాంట్లోనే పెద్ద కార్డు పెట్టాడు. పొద్దున ఆ మనిషి చేస్తున్నది ఆ పని. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

సాయంత్రం స్టూడియోకు పోయింది. సదానందం ఆ వెనక గది మిషన్ ముందే కూర్చుని ఉన్నాడు. ఏడాది తర్వాత ఆయన ముఖం చూసి మాట్లాడింది.

"తప్పు నాదే బావా. గా రెండు తెచ్చిస్త, గిది నాకియ్యున్రి."

"నీకనే పెట్టిన. ఫోటోలకు గింత పెద్ద కార్డు నేనేం జేసుకుంట?"

"మరి ఇయ్యున్రి."

"నలుగురి ముంగట నన్ను దొంగంటివి. దొంగోడు సొమ్ము ఎన్కకిస్తడా?"

ఆయన కుర్చీ అటు తిప్పుకుని, ఎవరిదో పాస్‌పోర్టు ఫోటో తెరిచి అంచులు కత్తిరించడం మొదలుపెట్టాడు. దానికి ఆ కార్డు అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.