మడిబట్ట చాటున

వీరభద్రయ్య సోఫా కింద తల పెట్టి వాసన చూస్తున్నాడు. మోకాళ్ల మీద వంగి, ఎడమ చెంప గచ్చుకు ఆనించి, కళ్లు మూసుకుని, ఊపిరి లోపలికి పీల్చి కాసేపు ఆపి వదులుతున్నాడు. కళ్ల మీదికి జుట్టు పడే పొట్టి కుక్కపిల్ల పక్కనే కూర్చుని, తన పని ఇంకెవరో చేస్తుంటే చూసే మనిషిలా అతన్నే చూస్తోంది. కొత్తవాళ్లెవరైనా ఆ క్షణంలో లోపలికొస్తే ఈ ఇంట్లో శిక్షణ ఎవరికి జరుగుతోందో తేల్చుకోలేరు.

“ఇక్కడ ఎప్పుడూ పోయలేదండి,” అన్నాడు లేచి మోకాళ్లు దులుపుకుంటూ.

“నేను చెబుతూనే ఉన్నాగా. రోజూ అదే చోటు. దేవుడి గది ముందున్న పట్టా మీదే.” ఉషశ్రీ బ్యాంకుకు వెళ్లే తొందరలో అద్దం లేకుండానే జూకాలు పెట్టుకుంటోంది. “మీరు వచ్చాక తగ్గుతుందనుకుంటే పెరిగింది వీరభద్రయ్యగారూ.”

ఆ ‘గారూ’లో అనుమానం ఉంది. పని తొందరగా తేల్చకుండా సాగదీస్తున్నాడని ఆవిడ అనుమానం. వీరభద్రయ్యకు కోపం రాలేదు. అనుమానపడే మనిషంటే అతనికి గౌరవం. తను బతికిందే దాని మీద.

పుట్టింది చల్లపల్లి పక్కన, మగ్గాల ఇంట్లో. నాన్న నేస్తుంటే తెగిన పోగు ఎక్కడుందో కనిపెట్టడం తప్ప మగ్గం పని మరొకటి అబ్బలేదు. పెళ్లయ్యాక విజయవాడ వచ్చి వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్లో చేరాడు. ఆ కొట్లో అతని పని చూడటం. గల్లాకు ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూర్చుని, చీరలు బేరమాడే ఆడవాళ్ల చేతుల వంక చూస్తూ ఉండాలి. మొహాలు చూడకూడదు. మొహం ఎప్పుడూ చీర బాగుందనే చెబుతుంది. చెయ్యే అసలు సంగతి చెబుతుంది. అలా చూసి చూసి అతని మెడ కొంచెం ముందుకు సాగిపోయింది. కనురెప్పలు సగం దిగి ఉండిపోయాయి. తర్వాత కొట్టు నిండా కెమెరాలు పెట్టారు. కెమెరా టీ అడగదు. వీరభద్రయ్యను ఇంటికి పంపేశారు.

కుక్కల పని అనుకోకుండా వచ్చింది. కొట్టు యజమాని భార్యకు ఒక పొమరేనియన్ ఉండేది, తివాచీలు కొరికేది. దాన్ని చూడటానికి వెళ్లి, సాయంత్రమయ్యేసరికి కనిపెట్టాడు, యజమానిగారు భార్య మీద కోపమొచ్చినప్పుడల్లా దాని తోక తొక్కుతున్నాడని. అప్పటి నుంచి వీరభద్రయ్యది ఒకటే సిద్ధాంతం. కుక్క తప్పు చేస్తోందంటే ఇంట్లో ఎవరో అబద్ధమాడుతున్నారు. దాంతో పటమటలో, మొగల్రాజపురంలో ఏసీ గదుల్లో పెరిగే చిన్న చిన్న కుక్కలకు కూర్చోవడం, ఆగడం, బయటికి తీసుకెళ్లేదాకా బిగబట్టుకోవడం నేర్పుతూ బతుకుతున్నాడు.

“సాయంత్రం మా తమ్ముడు జయపాల్ వస్తున్నాడు,” అంది ఉషశ్రీ. “ఇబ్రహీంపట్నంలో వాళ్ల థర్మల్ ప్లాంటు క్వార్టర్స్ వెనకాల జాగా ఉంది, పెంచుకుంటానన్నాడు. ఇవాళ ఈ సంగతి తేలకపోతే ఈ కుకీ వాడితో వెళ్లిపోతుంది. మావారూ ఒప్పుకున్నారు.”

గుమ్మం దగ్గర స్కూలు బూట్లు వేసుకుంటున్న ఉషశ్రీ కూతురు చిన్ని లేసు ముడి సగంలో ఆపేసింది. “దానికి అక్కడ ఏసీ ఉంటుందా తాతా?” అని వీరభద్రయ్యను అడిగింది.

“బూడిద లారీలుంటాయి,” అని దేవుడి గదిలోంచి సమాధానం వచ్చింది. ఆ గొంతు పద్మావతమ్మది, ఉషశ్రీ అత్తగారిది. “పీడా పోతుంది. నెలనాళ్లుగా చెబుతున్నాను, దేవుడున్న ఇంట్లో ఆ బొచ్చేవిటని. దాన్ని ఇటు రానివ్వకండి, మళ్లీ స్నానం చెయ్యాలి నేను.”

వీరభద్రయ్య ఆవిడ గొంతు విన్నాడు కానీ కుక్కపిల్ల వంక చూశాడు. తిట్లు విన్న కుక్క చెవులు వెనక్కి వాల్చాలి. ఇది తోక ఊపింది.

“మీ కెమెరా ఏం చెబుతోందండి?” అన్నాడు, తన పాత శత్రువు క్షేమం అడిగినట్టు.

ఉషశ్రీ ఫోను తీసి చూపించింది. హాల్లో పైమూల కెమెరా. సోఫా, టీవీ, దేవుడి గది గుమ్మం, పట్టా అన్నీ కనిపిస్తున్నాయి. నిన్న పొద్దున అందరూ వెళ్లిపోయిన కాసేపటికి తెరలో దేవుడి గది వైపంతా పసుపుపచ్చగా అయిపోయింది. చాలాసేపు అలాగే ఉండి, మళ్లీ ఆ పక్క కనపడేసరికి పట్టా తడిసిపోయి ఉంది.

“ఈ పసుపేంటండి?”

“అత్తయ్యగారి మడిబట్ట. తడిపి హాల్లో దండెం మీద ఆరేస్తారు. అది సరిగ్గా కెమెరాకి అడ్డం పడుతుంది. జరుపుదామంటే మనం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మళ్లీ తడపాలి. ఎందుకొచ్చిన గొడవని ఎవరం దాని జోలికి పోము.”

“ఎప్పట్నించండి ఈ మడి?”

“మా ఇళ్లల్లో మడి ఎవరికుందండీ? కుక్కపిల్ల వచ్చాకే మొదలెట్టారు. మా మీద కోపం.”

వీరభద్రయ్య కనురెప్పలు ఇంకొంచెం దిగాయి. కొట్లో స్టూలు మీద కూర్చున్న రోజుల్లో వేసవిలో శాలువా కప్పుకుని వచ్చే ఆడవాళ్లను చూసినప్పుడు కూడా అవి అంతే దిగేవి.

“పూజ అయ్యేదాకా నేను బాల్కనీలో కూర్చుంటానండి.”

“మేమెవరం లేనప్పుడా?” అంది ఉషశ్రీ. అని, కెమెరా వంక చూసి, కెమెరా ఉందన్న సంగతి అతను కూడా చూశాడా లేదా అని చూసి, “సరే. హాల్లోకి మాత్రం రాకండి,” అంది.

బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ మీద, తులసి కుండీ పక్కన వీరభద్రయ్య కూర్చున్నాడు. లోపల పద్మావతమ్మ కర్రతో మడిబట్ట ఎత్తి దండెం మీద వేసిన చప్పుడు అయింది. ఒకసారి వేసి, కొంచెం జరిపింది. ఇంకొంచెం జరిపింది. బట్ట ఆరడానికి అంత గురి అక్కర్లేదని వీరభద్రయ్యకు అనిపించింది.

నామాలు చదివింది. గంట కొట్టింది. హారతి వాసన వచ్చింది. ఆ తర్వాత గొంతు మారింది.

“సుబ్బులూ. రావే సుబ్బులూ.”

కుకీ అని పిల్లా పెద్దా ఎంత అరిచినా బద్ధకంగా ఒక చెవి ఎత్తే ఆ కుక్కపిల్ల, గచ్చు మీద గోళ్లు టకటకలాడిస్తూ పరిగెత్తింది. పేరు నేర్పలేకపోతున్నానని వీరభద్రయ్య తనను తాను తప్పు పట్టుకుంటున్నాడు ఇన్నాళ్లూ. దానికి పేరు వచ్చు. వాళ్లు పిలిచే పేరు అది కాదంతే.

లేచి హాల్లోకి నడిచాడు. మడిబట్టకు తగలకుండా పక్కకు ఒదిగి అవతలికి వెళ్లాడు. మోకాళ్లు వంగవని కుర్చీలో కూర్చుని పూజ చేసుకునే పద్మావతమ్మ, నేల మీద బాసింపట్టు వేసుకుని ఉంది. ఒళ్లో రెండు కాళ్లూ పెట్టి కుక్కపిల్ల గిన్నెలోంచి దద్ధోజనం తింటోంది. ఆవిడ దాని కళ్ల మీది జుట్టు ఎత్తిపట్టుకుంది, మూతికి అంటకుండా.

అతన్ని చూడగానే గిన్నె అతని చేతుల్లో పెట్టేసింది. దొరికిపోయిన చెయ్యి మొదట చేసే పని అదే. వీరభద్రయ్యకు అలవాటే. కుక్కపిల్ల గిన్నెతోపాటు ఇటు తిరిగి అతని వేళ్లు నాకింది.

“చూశావా?” అంది పద్మావతమ్మ.

“లేదండి. మడిబట్ట అడ్డం ఉంది.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. నవ్వలేదు. “నా మనవరాలు చదువుకి పోతుంది, వీళ్లిద్దరూ ఉద్యోగానికి, షాపుకి పోతారు. ఇదీ నేనూ ఉంటాం. దేవుడికి పెట్టిందాంట్లో రెండు ముద్దలు పెడితే ఏం పోయింది?”

“పెట్టడం తప్పు కాదండి పెద్దమ్మగారూ. తిన్న పావుగంటకు దానికి వస్తుంది. కిందికి తీసుకెళ్తే గడ్డిలో పోతుంది. అది తిన్నదని ఎవరికీ తెలీదు, తీసుకెళ్లేవాళ్లు లేరు. పట్టా గరుగ్గా గడ్డిలా ఉంటుంది. అది చెయ్యగలిగింది చేస్తోంది.”

“నేనెట్టా తీసుకెళ్తానయ్యా? ముట్టుకోనని ఇంటెత్తున అరిచినదాన్ని. కోడలు ఏమంటుంది?”

“ఒక్క మాట చెప్పేస్తే అయిపోతుందండి. లేకపోతే సాయంత్రం ఇబ్రహీంపట్నమే.”

పద్మావతమ్మ కొంగుతో కుక్కపిల్ల మూతి తుడిచింది. “నువ్వేదో పెద్ద ట్రైనరువంటగా,” అంది. “నువ్వే చూడు.”

వీరభద్రయ్య గిన్నె ఆవిడకిచ్చి, మడిబట్ట చాటు నుంచి బయటికి వచ్చాడు. కుక్కపిల్ల అతని వేళ్ల కోసం ఎగురుతూ వెనకే వచ్చింది. అతను జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. పైమూల చిన్న ఎర్రదీపం వెలుగుతోంది.

పై అంతస్తులో లాయరుగారి పగ్‌కు ఆరోజు పాఠం ఉంది. బెల్లు మోగితే మొరగకూడదని దానికి నేర్పుతున్నాడు. అది బెల్లుకు మొరగడం లేదని, బెల్లు మోగగానే లాయరుగారు ‘లేనని చెప్పు’ అని భార్యతో గుసగుసలాడితే దానికి మొరుగుతోందని వీరభద్రయ్య వారం కిందటే కనిపెట్టాడు. ఆ సంగతి ఆయనకెలా చెప్పాలో ఇంకా తెలియలేదు. అందుకని గుసగుసలు విన్నా నోరు మూసుకోవడం నేర్పుతున్నాడు. కష్టమైన విద్య.

మధ్యాహ్నం చిట్టినగర్‌లో ఇంటికి వెళ్లాడు. భార్య వెంకటరావమ్మ తలుపు తీసి, పలకరించడానికి ముందు చొక్కా చెయ్యి వాసన చూసింది.

“పెరుగన్నం తిని వచ్చావా ఎక్కడో?”

“కుక్క తింది.”

“కుక్క తింటే నీ చేతికి వాసనెందుకొస్తుంది?” అంది. పప్పు, వంకాయ కూర వడ్డించింది కానీ పెరుగు వెయ్యలేదు. వీరభద్రయ్య అడగలేదు. సాక్ష్యం అంత బలంగా ఉన్నప్పుడు వాదించి లాభం లేదు.

తింటూ సాయంత్రం ఏం చెప్పాలో ఆలోచించుకున్నాడు. ఎవరి పేరూ ఎత్తకుండా, పొద్దున పూట పనిమనిషితో ఒకసారి కిందికి పంపమందామనుకున్నాడు. పొద్దున దానికి ఏమీ పెట్టం కదా, ఎందుకని అడుగుతారు. అలవాటు కోసమండి అనాలి. ఆ మాట తనే రెండుసార్లు లోపల అనుకుని చూశాడు. తనకే నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం వెళ్లేసరికి హాలు నిండా జనం ఉన్నట్టనిపించింది, ఉన్నది ఇంటివాళ్లూ జయపాలే అయినా. జయపాల్ మూతకు కన్నాలు పెట్టిన అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపులకొచ్చినవాడిలా సోఫా అంచున కూర్చున్నాడు. చిన్ని కుక్కపిల్లను కావిలించుకుని టీవీ పక్కన నిలబడింది. ఉషశ్రీ భర్త భానుచందర్ టైల్స్ షాపు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పాంటుకు తెల్లటి దుమ్ము ఉంది. పద్మావతమ్మ తన కుర్చీలో జపమాల తిప్పుతోంది.

“కూర్చోండి వీరభద్రయ్యగారూ,” అన్నాడు భానుచందర్. కుర్చీ మాత్రం చూపించలేదు. ఫోను ముందుకు చాపాడు.

తెర మీద వీరభద్రయ్య బాల్కనీలోంచి హాల్లోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. అలా చూడటం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు, అయినా తెర మీద అది దొంగచూపు లాగే ఉంది. పసుపుబట్ట చాటుకు వెళ్లాడు. కొంతసేపటి తర్వాత బయటికొచ్చాడు. కుక్కపిల్ల ఎగిరెగిరి అతని వేళ్లు నాకుతోంది. అతను చేతులు తుడుచుకుని, పైకి చూశాడు, నేరుగా కెమెరాలోకి.

“హాల్లోకి రావద్దన్నాను,” అంది ఉషశ్రీ.

“ఏం పెట్టారు దానికి?” అన్నాడు భానుచందర్. “అడిగేది సూటిగానే అడుగుతున్నానండి. మీరు పెట్టి, మీరే నేర్పుతున్నారా?”

వీరభద్రయ్య నోరు తెరిచాడు. కళ్లు అలవాటుగా చేతులను వెతికాయి. పద్మావతమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. చిన్ని చేతుల్లోని కుక్కపిల్ల ఎవరి మొహమూ చూడటం లేదు. అది చూస్తున్నది ఆ ముసలి గుప్పిటను.

ఆ గుప్పిట బిగుసుకుంది. కొట్లో ఎన్నోసార్లు చూశాడు అలా బిగుసుకోవడం. తర్వాత ఏమవుతుందో అతనికి తెలుసు.

“పెరుగన్నం,” అంది పద్మావతమ్మ. “నేను చూశాను.”

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

“వచ్చినప్పుడల్లా పెడుతున్నాడు. చెబితే మీరు నమ్మరని ఊరుకున్నాను. కుక్కదేం తప్పుంది, పెడితే తింటుంది, తింటే పోతుంది. మనిషిని మాన్పించకుండా కుక్కను ఊరు దాటిస్తారా మీరు? జయపాల్, ఆ డబ్బా తీసేయ్ నాయనా, చూడటానికే బాలేదు.”

“మరి మీకసలు అదంటేనే పడదుగా అత్తయ్యా,” అంది ఉషశ్రీ నెమ్మదిగా.

“ఇప్పటికీ పడదు. న్యాయం న్యాయమే.”

ఆ ‘న్యాయం’ దగ్గర ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. వీరభద్రయ్య స్టూలు మీద గడిపిన రోజుల్లో పట్టుబడిన చేతులెన్నో చూశాడు. ఏడ్చినవి, వెతుక్కోమని చాపినవి. పక్కనున్న మనిషి సంచిలోకి సరుకు జారవిడిచి, అదిగో అని వేలు చూపించినవి ఏవో ఒకటి రెండు. వాటిల్లో కూడా ఇంత శుభ్రమైన చెయ్యి లేదు.

“ఏమండీ, నిజమేనా?” అన్నాడు భానుచందర్.

కుక్కపిల్ల ఆవలించింది. జయపాల్ అట్టపెట్టె పక్కన పెట్టేశాడు. బతికిపోయినవాడిలా కనిపించాడు.

“పెట్టానండి,” అన్నాడు వీరభద్రయ్య.

ఉషశ్రీకి తన అనుమానం నిజమైనందుకు సంతోషించాలో, ఇంత తేలిగ్గా నిజమైనందుకు ఇంకోసారి అనుమానపడాలో తెలిసినట్టు లేదు. భానుచందర్ రేపటి నుంచి రావద్దన్నాడు. పోలీసులూ అవీ ఎందుకులెమ్మన్నాడు, ఎవరూ ఆ మాట ఎత్తకపోయినా.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వీరభద్రయ్య, ఎవరి వంకా చూడకుండా, తలుపుకు చెప్పినట్టు చెప్పాడు. “తిన్న పావుగంటకు కిందికి తీసుకెళ్లాలండి. ఎవరు పెట్టినా సరే. పనయ్యాక మెచ్చుకోవాలి. దాని పేరు పెట్టి మెచ్చుకోవాలి.”

“మాకు తెలుసులే,” అంది పద్మావతమ్మ. జపమాల మళ్లీ తిరగడం మొదలెట్టింది.

అతను లిఫ్టు దిగేలోపే కబురు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో దిగింది. లాయరుగారు పగ్‌కు ఇక ట్రైనింగు అక్కర్లేదని రాశారు. గేటు దగ్గర వాచ్‌మన్ జాన్సన్ ఫోనులోంచి తలెత్తి, చెయ్యి చాపాడు.

“గేటు పాసు కార్డు ఇచ్చెయ్యమంటున్నారు బాబాయ్. ఏమనుకోకు.”

“అనుకోవడానికేముంది,” అన్నాడు వీరభద్రయ్య. మెళ్లోంచి తీసి ఇచ్చాడు. బస్టాపు వైపు నడుస్తూ, దారిలో ఒక కుర్రాడు తాడు పట్టుకుని లాగుతున్న లాబ్రడార్‌ను చూసి ఆగాడు. దాన్ని చూసి, కుర్రాడి చెయ్యి చూసి, తన దారిన వెళ్లిపోయాడు. ఆ వీధిలో అతను మళ్లీ కనపడలేదు.

మర్నాటి నుంచి పద్మావతమ్మకు మోకాళ్ల నొప్పులకు పొద్దుట పూట నడక తప్పనిసరైంది. డాక్టరు చెప్పాడంది, ఏ డాక్టరో చెప్పలేదు. ఒక్కతే నడిస్తే కళ్లు తిరుగుతాయని, గత్యంతరం లేక, కుక్కపిల్లను వెంట తీసుకెళ్లేది. పార్కింగు వెనక గడ్డి దగ్గర ఇద్దరూ నిలబడేవారు. ఆవిడ అటు తిరిగి కొంగు సర్దుకుంటున్నట్టు ఏదో గొణిగేది. పట్టా పొడిగానే ఉంటోంది. కొత్త ట్రైనరు అవసరం రాలేదు.

వాచ్‌మన్ గది కిటికీ పక్కన మేకుకు డ్రైవర్లవీ పనిమనుషులవీ కార్డులు వేలాడుతుంటాయి. వీరభద్రయ్యది కూడా అక్కడే తగిలించి మర్చిపోయాడు జాన్సన్. ఫ్యాను గాలికి మిగతా కార్డులు అటూ ఇటూ తిరిగిపోతుంటాయి. అది మాత్రం ఫొటో బయటికే పెట్టి ఆగుతుంది. సగం దిగిన రెప్పల కింద నుంచి, వచ్చేవాళ్ల చేతులూ పోయేవాళ్ల చేతులూ చూస్తున్నట్టు.