అడ్మిషన్ రిజిస్టర్లో వై అక్షరం

బడి గంట కొట్టేలోగా సరోజినికి రెండు పనులుండేవి. ఒకటి పిల్లల కుండలో నీళ్లు నింపడం, రెండోది వచ్చినవాళ్లకి రక్తం ఆపడం. పూండి దాటి సముద్రం వేపు పోతే తగిలే ఆ ఊళ్లో జీడితోటలెన్నో గట్టు తగాదాలూ అన్ని. దింపు కత్తిని కొబ్బరి గెల మీద ఎంత తేలిగ్గా వేసేవారో, పక్కవాడి భుజం మీదా అంతే తేలిగ్గా వేసేవారు. నరుకుడు పడ్డవాణ్ణి మంచంతో సహా మోసుకొచ్చి బడి అరుగు మీద దించితే, హెడ్‌మిస్ట్రెస్ సరోజిని జడ వేసుకుంటూనే "పేరు?" అనేది.

పని పెద్ద కష్టమైంది కాదు, ఓపిక కావాలంతే. ఆ మనిషి పేరు బడి అడ్మిషన్ రిజిస్టర్లో ఇంగ్లీషులో ఎలా రాసుందో చూడాలి. ఆ అక్షరాలన్నీ ఉన్న పొడుగాటి ఇంగ్లీషు మాటొకటి డిక్షనరీలో వెతికి కుడిచెవిలో చెప్పాలి. మాట కుదిరిందా, కుళాయి కట్టేసినట్టు రక్తం ఆగిపోతుంది. ఒక్క అక్షరం లోటొచ్చిందా, ఎన్నిసార్లు చెప్పినా దండగ. ఇదంతా ఆమె తండ్రి కూర్మనాథం మాస్టారి విద్య. ఆయన పోయాక బడీ, రిజిస్టరూ, డిక్షనరీ మూడూ ఈమె నెత్తిన పడ్డాయి.

చిక్కల్లా ఒకటే. చెప్పిన మాట అర్థం ఒంట్లో ఉండిపోతుంది. తోట దగ్గర పొడిపించుకొచ్చిన పాండుకి సూపర్‌యాన్యుయేటెడ్ తప్ప వేరే మాట దొరకలేదు. ఇరవై ఆరేళ్లవాడికి వారం తిరక్కుండా తల ముగ్గుబుట్టయింది. ఏనాడూ ఉద్యోగం ఎరగనివాడు రిటైరైన గుమాస్తాలా పేపరు చదువుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. దేవి కాలు తెగినప్పుడు అడ్వర్టైజ్‌మెంట్ అని చెప్పాల్సొచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ నోట్లో నువ్వుగింజ నానితే ఒట్టు. పాపం, ఆ దేవే తర్వాత పలాసలో ఎవడో జోస్యుడు చెప్పాడని పేరులో హెచ్ చేర్పించుకుంది. అడ్వర్టైజ్‌మెంట్‌లో హెచ్ ఎక్కడుంది? రిజిస్టర్లో అక్షరం పడ్డ పూటే మూడేళ్ల కిందటి గాటు నోరు తెరిచింది. ఇంకో మాట వెతికేలోగా ఆవిడ అయిపోయింది. అప్పట్నుంచి రాసిన పేరు దిద్దకూడదని ఊరు కట్టడి పెట్టుకుంది.

సరోజిని మొగుడు మహీధర్‌ని చంపినవాడు యువరాజు. జీడితోట గట్టు రాయి జరిపాడని అడగబోతే, అన్నదమ్ములిద్దర్నీ తోటలోనే నరికాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దర్నీ ఒకే బండి మీద తెచ్చారు. మరిది ఎల్లాజీకి భుజం నుంచి రొమ్ము దాకా తెగింది. అతనికి మెజెస్టికల్లీ అనగానే రక్తం ఆగింది. మహీధర్‌కి పొట్టలో పడింది పోటు. కట్టుకున్నవాడి పేరుకీ మరిది పేరుకీ రిజిస్టరెందుకని ఆమె బడి తాళం తీయించలేదు. థర్మోడైనమిక్స్ అంది. మళ్లీ అంది. అరిచింది. రక్తం అరుగు దాటి మెట్లు దిగి ఇసకలోకి పోయింది. అతను ఆమె ఒళ్లోనే, ఏదో అడగబోయి, అడక్కుండానే పోయాడు.

పదమూడో రోజున రిజిస్టరు తెరిచి చూసింది. తండ్రి దస్తూరీ. తల్లులు ఎలా పలికితే అలా రాయడం ఆయన అలవాటు. మహీధర్ తల్లి కొడుకుని మహీధరు అనేది, ఆయన చివర యు రాశాడు. థర్మోడైనమిక్స్‌లో యు లేదు. రుమటాయిడ్‌లో ఉంది, మిగతా అక్షరాలూ ఉన్నాయి. కీళ్లనొప్పులతో మూలుగుతూ అయినా మనిషి బతికుండేవాడు. సరోజిని తండ్రి ఫోటో గోడ మీంచి పీకి మంచం కిందకి తోసేసింది.

యువరాజు జైలుకెళ్లాడు, ఆర్నెల్లకి బెయిలు మీద వచ్చాడు. ఎల్లాజీ ఎదురుచూస్తున్నదీ దాని కోసమే. కార్తీక మాసంలో ఒక పొద్దున్న, టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిల్చున్నవాణ్ణి మెడ మీద ఒక్కటే వేటు వేశాడు. తల్లి దుర్గాదేవి కొడుకుని ఆటోలో వేసుకుని, చీరకొంగు మెడకి అదిమిపట్టి, బడి అరుగు మీదికి తెచ్చింది. వెనకాలే ఎల్లాజీ, చేతిలో కత్తితో. మెజెస్టికల్లీ ఒంట్లో ఉన్నవాడు కాబట్టి ఊరేగింపులో రాజులా నెమ్మదిగా వచ్చాడు.

"మేస్టారమ్మా, నా ఉవరాజుని బతికించు తల్లీ. ఆడు సేసింది పాపమే. తల్లిని, నానేటి సెయ్యగలను?" అంది దుర్గాదేవి.

"ఒదినా," అన్నాడు ఎల్లాజీ, "యువరాజంటే వై తోనే గదా మొదలు. ఆ అచ్చరాలన్నీ ఉన్న మాట లేదని సెప్పీ. ఎవులూ నిన్నేటీ అనరు."

సరోజినికీ అదే అనాలని ఉంది. రిజిస్టరు తీసింది. తండ్రి ఇక్కడా తల్లి పలుకే విన్నాడు. వై లేదు, యు తోనే మొదలు. ఆ అక్షరాలున్న మాట ఆమెకి వెతక్కుండానే తెలుసు. రెజువనేషన్. పోయిన వయసు తిరిగి రావడం. తన మొగుడి వయసు మింగినవాడికి వయసు తిరిగివ్వాలి. తలెత్తి ఎల్లాజీ కత్తి కేసి చూసింది.

"వీడు చస్తే నిన్ను తీసుకుపోతారు. మీ అన్న పోయిన ఇంట్లో నువ్వొక్కడివే మిగిలావురా," అంది. వంగి, యువరాజు చెవిలో మాట ఉమ్మినట్టుగా చెప్పింది. రక్తం ఆగింది. ఎల్లాజీ కత్తి నూతిలో పడేసి వెళ్లిపోయాడు.

జీడిపూత నాటికి యువరాజు గడ్డం రాలిపోయింది. జీడిపిక్కలు ఏరేనాటికి మీసం పోయి గొంతు సన్నబడింది. కోర్టు వాయిదాకి తల్లి చంకనెత్తుకుని వెళ్తే, ముద్దాయికి ఆరేళ్లే గనక కేసు నడవదని రాసిచ్చారు. నరికిన చేతులు కత్తి ఎత్తలేనంత చిన్నవైపోయాయి. నరికిన సంగతి వాడికి గుర్తు కూడా లేదు. సరోజినికి అది అన్నిటికన్నా ఎక్కువ మండింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు దుర్గాదేవి వాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది. "ఒకటో కళాసులో రాయండి, మేస్టారమ్మా."

గేటు దగ్గర ఎల్లాజీ నిల్చున్నాడు. "కొత్త రిజిస్టరు గదా ఒదినా," అన్నాడు. "ఈపాలి తప్పు లేకండా రాయి."

అతను ఏం అడుగుతున్నాడో ఆమెకి తెలుసు. వేసవంతా ఆమె ఆలోచించిందీ అదే. వై తో రాయడమే ఒప్పు. రెజువనేషన్‌లో వై లేదు. ఏ కోర్టూ అడగదు, ఏ కట్టడీ అడ్డు రాదు. కొత్త పేజీలో పేరు సరిగ్గా రాసిన టీచర్ని ఎవరు తప్పుపడతారు?

పెన్ను తీసి వై మొదటి గీత, ఏటవాలుగా, సగం దాకా గీసింది.

పిల్లవాడి మెడ మీది మచ్చ ఎర్రబడి, ఒక్క బొట్టు తెల్లచొక్కా మీద పడింది. వాడు ఏడవలేదు. "మేస్టారమ్మా, మెడ మండతంది," అన్నాడు.

వాడు నిల్చున్న చోటే, ఎన్నిసార్లు కడిగినా పోని మహీధర్ రక్తం మరక ఉంది. ఆమెకి గీత పూర్తి చెయ్యాలనే ఉంది.

"నీ పేరేటి?" అని అడిగింది.

"ఉవరాజు," అన్నాడు వాడు, ఊడిన పంటి సందులోంచి.

ఇరవై ఏళ్లుగా యువని ఉవ అన్న ప్రతి పిల్లవాడి వేళ్ల మీదా స్కేలుతో కొట్టి యువ అనిపించిన మనిషి ఆమె. సగం గీసిన గీతని అడుగున గుండ్రంగా తిప్పి పైకి లాగింది. యు కాస్త వంకరగా వచ్చింది. మిగతా పేరంతా తండ్రి రాసినట్టే రాసింది. మెడ మీది రెండో బొట్టు జారకుండా అక్కడే ఆగింది.

ఎల్లాజీ దగ్గరికొచ్చి రిజిస్టర్లోకి చూశాడు. వెనక్కి తిరిగి, మెల్లగా, తలెత్తుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

గంట కొట్టారు. వాడు మొదటి వరసలో కూర్చున్నాడు. సరోజిని బోర్డు మీద ఏ నుంచి జెడ్ దాకా రాసింది. వాడూ పలక తీసుకుని చూసి రాయడం మొదలెట్టాడు. ఆమె వెనక్కొచ్చి, వై దగ్గర ఒక్క క్షణం నిలబడి, దాన్ని అరచేత్తో తుడిచేసింది. ఆ ఏడు ఒకటో తరగతికి ఇరవై అయిదు అక్షరాలే చెప్పింది.