మంగళవారం వచ్చే మనిషి

అరవై ఒకటో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే పెద్దమనసుతో సరిచేసుకుని చదవండి. ఈ నాలుగు పేజీలకు నాకు పదకొండు రోజులు పట్టింది. అయినా రాయకుండా ఊరుకోలేకపోయాను.

మా మనవరాలు విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రం చదువుతోంది. నేరం ఎందుకు జరుగుతుంది, చేసినవాడిని మళ్లీ మనుషుల్లో ఎలా కలపాలి అన్నది ఆ చదువు. మూడో ఏడు తరగతులుండవు, ఏడాదంతా ఏదో ఒక ఆఫీసులో పని నేర్చుకోవాలి. మా పిల్లకు పర్యవేక్షణ కార్యాలయం దొరికింది. షరతుల మీద జైలు నుంచి ముందుగా విడుదలైనవాళ్లు, చెప్పిన రోజున అక్కడికి వచ్చి కనిపించి వెళ్లాలి.

"ఇక ఈ ఇంట్లో ఎవరి ఆటలూ సాగవు. డిటెక్టివ్ గారు దిగారు," అని మా అబ్బాయి ఏడిపించేవాడు.

"డిటెక్టివ్ కాదు నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని అది విసుక్కునేది.

మొదటి రెండు నెలలూ హుషారుగా వెళ్లింది. ఒక బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చింది మొదలు దానికి కాలు నిలవలేదు. కూర్చుంటే లేస్తుంది. కిటికీ తీస్తుంది, మళ్లీ మూస్తుంది. చేతిలో పెన్ను మూత టకటకలాడుతూనే ఉంది.

"ఏమైందే అమ్మడూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"రేపు మధ్యాహ్నంలోగా ఒక నివేదిక రాసివ్వాలి నాన్నమ్మా. నేను రాసేదాన్ని బట్టి ఒకాయన మళ్లీ జైలుకు వెళ్తాడు."

పేరు చెప్పలేదు. చెప్పకూడదట. గోడలకు రంగులు వేసే మనిషి. విడుదలై నాలుగు నెలలైంది. రెండు వారాలకోసారి గురువారం వచ్చి కనిపించాలి. వరసగా మూడుసార్లు రాలేదు. మూడు తప్పితే విడుదల రద్దు చేయమని రాయడం అక్కడి పద్ధతి. ఫారంలో రెండే గడులుంటాయి: 'సహకరిస్తున్నారు', 'సహకరించడం లేదు'.

"మరి ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేయక ఈ తిరుగుడెందుకే?"

"వస్తున్నాడు కాబట్టి! మంగళవారాలు వస్తున్నాడు. మొదట్లో ఆయన రోజు మంగళవారమే. తర్వాత గురువారానికి మార్చి ఉత్తరం ఇచ్చాం. అయినా మంగళవారమే వచ్చి కూర్చుంటాడు. గుమాస్తా ఏమో 'ఇవాళ మీ రోజు కాదు, ఉత్తరం చూసుకోండి' అని పంపేస్తాడు. ఆయన నోరు మెదపకుండా వెళ్లిపోతాడు. అది ఉత్త మొండితనం అంటారు మా మేడమ్. సరే, మొండివాడే అనుకో. మొండివాడు అన్నిసార్లు ఎందుకొస్తాడు?"

నేను కుడుతున్న చొక్కా పక్కన పెట్టాను. "ఉత్తరం నీ ముందే ఇచ్చారా?"

"నేనే ఇచ్చాను. విప్పి చూశాడు, తల ఊపాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు."

"ఎంతసేపు చూశాడు?"

"మూడు వరుసల ఉత్తరానికి... చాలాసేపే."

"చూస్తున్నప్పుడు కళ్లు కదిలాయా?"

పెన్ను మూత చప్పుడు ఆగింది.

"నేనూ నలభై ఏళ్లు అలాగే చూశానమ్మా," అన్నాను. "ఎవరైనా కాగితం చేతికిస్తే మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి అప్పుడు తల ఊపేదాన్ని. ముందే ఊపితే అనుమానం వస్తుంది. మీ తాత ఇంటికొచ్చాక చదివి చెప్పేవాడు. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు మీ నాన్న బడి నుంచి చీటీ వచ్చింది. తల్లిని రమ్మని ఉందట. తల ఊపి అలమారలో పెట్టాను. తల్లికి శ్రద్ధ లేదని ఆ టీచరమ్మ పుస్తకంలో రాసేసింది."

మా అబ్బాయి గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. యాభై ఏళ్లవాడు. "ఆ రోజు అందరి అమ్మలూ వచ్చారమ్మా," అన్నాడు. "నీకు చదవడం రాదని తర్వాత తెలిసింది గానీ, అందుకే రాలేదని ఇవాళ్టిదాకా తెలీదు. నీకు రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను." వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అయితే రేపు ఆయన్ని అడిగేస్తాను," అంది మనవరాలు.

"అడగకు. అడిగితే కళ్లద్దాలు మరిచిపోయానంటాడు. ఉత్తరం నువ్వే పైకి చదువు. నా సంగతి చెప్పాల్సి వస్తే చెప్పు. ఇప్పుడు నాకేం సిగ్గులేదు."

మర్నాడు పొద్దున్నే అది ఆయనకు ఫోన్ చేసింది. మోచేతుల మీద రంగు మరకలతోనే పరుగున వచ్చాడట. ఒక బల్ల, రెండు కుర్చీలున్న ఇరుకు గది. జేబులోంచి ఉత్తరం తీశాడు. అది మడతల దగ్గర చిరిగి ఉంది. మనవరాలు పైకి చదివింది.

"గురువారమా?" అన్నాడు ఉలిక్కిపడి. "మనది మంగళవారం కదమ్మా! వారమే తప్పి వస్తున్నాననుకున్నాను."

అన్నాక గానీ తాను బయటపడిపోయానని ఆయనకు తెలియలేదు. తల దించుకున్నాడు.

"జైలుకు పంపేయండమ్మా. ఇది మాత్రం రాయకండి. రోజూ మా పాపకి పుస్తకంలో కథలు చదివి చెప్తాను. బొమ్మలు చూసి అల్లేస్తాను, అంతే. దానికి తెలీదు. మీరు కాగితం మీద పెడితే ఎప్పటికైనా దాని కంటపడుతుంది."

జైలుకన్నా ఆయనకు ఆ మాటే ఎక్కువ భయం. మనవరాలు లేచి, మళ్లీ కూర్చుని, నా సంగతి చెప్పిందట.

ఆయన ఉత్తరం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆవిడ ఎంతదాకా లెక్కపెట్టేవారు?" అన్నాడు.

"ఇరవై."

"తక్కువే. నేను ముప్పై."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుని, "రాసుకోండమ్మా. పాపకి నేనే చెప్పుకుంటాను," అన్నాడు.

మనవరాలు ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. ఆయన వచ్చి వెనక్కి వెళ్లిన మంగళవారాలన్నీ గుమాస్తా పుస్తకంలోంచి ఎత్తి రాసి, కింద 'మేము చెప్పినది ఈయనకు అందలేదు' అని చేర్చి, పన్నెండుకు పది నిమిషాలుండగా మేడమ్ బల్ల మీద పెట్టింది.

"ఫారంలో ఈ ప్రశ్న లేదుగా," అన్నారావిడ.

"లేదు మేడమ్. అందుకే వెనక పేజీలో రాశాను."

ఆవిడ రెండుసార్లు చదివారు. "పద్నాలుగేళ్లుగా ఆ గడిలో టిక్కులు పెడుతున్నాను," అన్నారు. "వాళ్లలో ఎంతమంది..." సంతకం పెట్టి కాగితం పైకి పంపారు.

ఆయన విడుదల రద్దు కాలేదు. ఇప్పుడు రోజు మారితే ఆయనకు ఫోన్ చేసి నోటితో చెబుతున్నారు. ఫారం మాత్రం అదే. మా పిల్లకు కాలు ఇంకా నిలవడం లేదు. మేడమ్‌ని అడిగి పాత ఫైళ్లు తీయించుకుని, 'సహకరించడం లేదు' అన్న ప్రతిచోటా ఆగిపోతోంది. అందులో కొందరు ఇంకా లోపలే ఉన్నారట.

ఇదంతా ఆయన సరేనన్నాకే రాస్తున్నాను. సిగ్గుపడి దాచుకున్నది ఆయన తప్పే కావచ్చు, నా తప్పూ కావచ్చు. కానీ కాగితాలు ఇచ్చే చోట కూర్చున్న అయ్యలారా, అమ్మలారా, ఒక మనిషి రాలేదని రాసే ముందు, అతనికి తెలిసేలా పిలిచామా లేదా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

ఇట్లు,
వీధిలో అందరూ కుట్టుమిషన్ మామ్మ అని పిలిచే నేను,
వయసు అరవై ఆరు,
ప్రస్తుతం కొడుకు ఇంట్లో, మెట్ల పక్క గదిలో ఉంటున్నాను.