రెండు పూటల బడి

రొట్టె ముక్కలకు వెన్న రాస్తూ రెజీనా గడియారం కేసి చూసింది. పెద్దవాడు బడి నుంచి వచ్చే వేళకి చిన్నదాన్ని పంపాలి. డెట్రాయిట్ శివారులో మొన్నటిదాకా మొక్కజొన్న పండిన నేల అది. యుద్ధం ముగిశాక వరసగా ఇళ్ళు లేచాయి, ఇంటింటా పిల్లలు పుట్టారు. బడి చాలక సగంమందికి పొద్దున, సగంమందికి మధ్యాహ్నం. ఆమె వంటింటికి ఏ పూటా సెలవు లేదు.

అప్పుడే హెడ్ మిస్ట్రెస్ మిస్ హాడ్లీ తలుపు తట్టింది. "పెళ్ళికి ముందు మీరు పాఠాలు చెప్పేవారటగా? రెండో తరగతికి టీచరు లేదు. సోమవారం నుంచి రాగలరా?"

రెజీనాకు నెల తప్పి చాన్నాళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. కడుపుతో ఉన్నవాళ్ళను బడిలో ఉంచరు. మొగుడికి తెలిస్తే గడపే దాటనివ్వడు. అయినా "వస్తాను" అనేసింది. అన్నది తనేనా అని తనే ఉలిక్కిపడింది.

"ఊళ్ళో పిల్లలందరూ నీకే కావాలా? ఫ్యాక్టరీలో నేను గొడ్డుచాకిరీ చేసేది ఇందుకేనా?" అన్నాడు ఆ రాత్రి భర్త కాజ్.

"ఇక పిల్లల మూతులు తుడవడం నా వంతన్నమాట," అని అత్తగారు దెప్పింది. అయినా సోమవారం రెజీనా బడికి వెళ్ళింది.

ఈ ఇల్లు కొన్ననాడు కాజ్ "ఇదంతా నీదే" అన్నాడు. నిజమే. తుడిచే నేలా, తోమే గిన్నెలూ, ఉతికే బట్టలూ అన్నీ తనవే. బడిలో మాత్రం నలభైమంది పిల్లలు ఆమె నోటివంకే చూసేవారు. వాళ్ళ మధ్య నిలబడి నవ్వుతున్నా లోపల ఒకటే భయం: ఎవరైనా కనిపెట్టేశారా?

ఒక సాయంత్రం ఉడుకుతున్న క్యాబేజీ వాసనకి సింకులో వాంతి చేసుకుంది.

"ఒరే కాజ్, నీ పెళ్ళానికి మళ్ళీ నెల తప్పిందిరా!" అంది అత్తగారు.

కాజ్ హాయిగా నవ్వాడు. "పీడా వదిలింది. రేపే మానేస్తున్నానని చెప్పెయ్."

"చెప్పను." రెజీనా మూతి తుడుచుకుంది. "ఐదేళ్ళు పోతే ఈ బిడ్డా ఆ బడికే వెళ్ళాలి. అప్పుడు దీనికి పాఠం చెప్పేదెవరు?"

"బడివాళ్ళకి తెలిసిపోదా?" అన్నాడు కాజ్.

"తెలిసేదాకా పాఠాలు చెబుతాను."

మర్నాడు పొద్దున స్కర్టు నడుం దగ్గర పట్టలేదు. పిన్నీసు పెట్టుకుని, పైన కోటు తొడుక్కుని బడికి బయలుదేరింది.