చప్పటి నీళ్లు

ఆకుల అంచులు మాడడం ముందుగా నా కంటనే పడింది. పొద్దున్నే పైపు పట్టుకుని షేడ్‌నెట్ కిందికి వెళ్లడం నా అలవాటు. మూడో వరసలో ఒక కోకో మొక్క ఆకు చివర, ఇస్త్రీపెట్టె తగిలిన బట్టలాగా, గోధుమరంగు గీత కనిపించింది. ఎండ దెబ్బ అనుకుని పైన వల సర్దాను. మర్నాటికి ఆ వరసంతా అలాగే ఉంది. నాలుగో రోజుకి మూడు వేల రెండు వందల సంచుల్లో గీత లేని మొక్క కోసం వెతుక్కోవలసి వచ్చింది.

నర్సరీ మా అమ్మాయిది. ఏటా సంచులు నింపడానికి కొండవాలు నుంచి లారీలకు లారీలు పైమట్టి తవ్వి తెచ్చేవాళ్లు. తవ్వి తవ్వి ఆ వాలు గుండు గీయించుకున్నట్టు తయారైంది. ఈ ఏడు మట్టి ముట్టుకోనని అమ్మాయి పట్టుబట్టింది. రైతులు తోటల్లో పారేసే కోకోకాయల తొక్కలు మాగబెట్టి, తాళ్ల కార్ఖానా బయట గుట్టలు పడి ఉండే కొబ్బరి పొట్టు కలిపి, అందులోనే మొక్కలు పెంచుతానంది. రైతుల సంఘం పెద్దాయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

"చెత్తలో చెట్లు మొలిపిస్తావా అమ్మాయ్? సరే, ఈ ఒక్క ఏడు చూస్తాం. తేడా వచ్చిందా, మళ్లీ కొండ దగ్గరికే."

తొలి వానలకు మొక్కలు ఇస్తానని ఆమె మాటిచ్చింది. ఆ మాట మీద వాళ్లు తోటల్లో గుంతలు కూడా తీసుకున్నారు.

కొబ్బరి పొట్టుతో ఒక చిక్కుంది. పీచు తీయడానికి కొబ్బరి డొక్కలను ఉప్పునీళ్లలో నానబెట్టి ఉంటే ఆ ఉప్పంతా పొట్టులోనే ఉండిపోతుంది. తొట్టిలో పోసి, మంచినీళ్లు పట్టి, కాళ్లతో తొక్కి, వడగట్టాలి. అలా మూడుసార్లు. మూడోసారి కారిన నీళ్లు చప్పగా ఉంటే సరే, లేకపోతే ఇంకోసారి. మా ఆవిడ తన పూలకుండీలకు అలాగే చేసేది. వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, కళ్లు మూసుకుని, "ఊఁ, చాలు" అనేది. ఆమె పోయి మూడేళ్లయింది. "ఊఁ, చాలు" అనే పని నా వంతుకు వచ్చింది.

పొట్టు తొక్కే ఆడవాళ్లకు పెద్ద మేస్త్రమ్మ. ఆమెను రుచి చూడమంటే నవ్వేది. "నా నాలుకని ఎప్పుడో పొగాకుకి రాసిచ్చేశాను బాబాయ్‌గారూ. దానికి సముద్రమైనా చెరువైనా ఒకటే."

పొట్టు కడిగిన రోజు అమ్మాయి మాత్రం ఫోను చెవిన పెట్టుకునే అడిగింది. "ఈ పొట్టు అమ్మ తెప్పించే చోటుది కాదు నాన్నా. ఉద్యానశాఖ ఆఫీసులో ఉప్పు కొలిచే మీటరు ఉందట, తెప్పించనా?"

"మీ అమ్మ ఎప్పుడైనా మీటరు పెట్టి చూసిందా?" అన్నాను.

వేలు ముంచాను. నాలుకకు తాకించాను. కళ్లు కూడా మూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడమే కదా చప్పదనం అంటే. "ఊఁ, చాలు" అన్నాను.

పోయిన చలికాలంలో నాకు జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ నా రుచిని కూడా వెంటబెట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి పగలంతా ఎండలో నిలబడి, ఇంటికొచ్చి వండి, కంచంలో వడ్డించి నా ముఖంలోకి చూస్తుంది. వాళ్లమ్మ చేతి రుచి వచ్చిందా అని ఆ చూపు. "బాగుందమ్మా" అంటే ఆమె భుజాలు కాస్త దిగుతాయి. ఆ భుజాలు దిగడం కోసం రోజూ అనేవాణ్ని. ఒకరోజు కూరలో ఉప్పు వేయడమే మర్చిపోయిందట. అల్లుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. నేను అప్పటికే రెండోసారి వడ్డించుకుంటున్నాను.

"మామయ్యగారి ముందు రంపపు పొట్టు పెట్టినా బాగుందనే అంటారు" అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడైనా చెప్పి ఉండవలసింది.

ఐదో రోజు అమ్మాయి ఒక సంచిని బ్లేడుతో చీల్చింది. వేరు కొస నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే జారిపోయింది. చిటికెడు పొట్టు నోట్లో వేసుకుని వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పు" అంది. మేస్త్రమ్మ వైపు తిరిగింది. "మూడుసార్లు తొక్కారా, రెండుసార్లకే సరిపెట్టేశారా?"

"కాళ్లు పాచిపోయేదాకా తొక్కాం అమ్మాయిగారూ."

"తొక్కితే ఈ ఉప్పు ఎక్కణ్నుంచి వచ్చింది? నేను చూడనప్పుడు ఏం చేశారో నాకెలా తెలుస్తుంది?"

మేస్త్రమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. ఆఖరి నీళ్లు ఎవరు చూశారో ఆమెకు తెలుసు. చెప్పలేదు. తలదించుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. అంత దయ నేను భరించలేకపోయాను.

"ఆమెని అనకమ్మా. నీళ్లు చూసింది నేను. నాకు రుచి తెలియదు."

"తెలియకపోవడమేమిటి?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి."

అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడింది. "మరి రోజూ బాగుందని..." అని ఆగిపోయింది. ఆ తర్వాత మేస్త్రమ్మ దగ్గరికి వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. నాకు వినిపించలేదు.

ఇక చేయగలిగింది నీళ్లు పోయడమే. వారం రోజులు అందరం సంచి సంచికీ పోశాం. అడుగు నుంచి గోధుమరంగు నీళ్లు కారి కాలువలో కలిశాయి. పొద్దున తడి మీద చూస్తే కోలుకున్నట్టే ఉండేవి. మధ్యాహ్నానికి ఆకులు వేలాడేవి. మళ్లీ విత్తుదామంటే కాయల కాలం అయిపోయింది. కోకో గింజ కాయలోంచి బయటికొచ్చాక పట్టుమని పదిరోజులు బతకదు, దాచుకునేది కాదు. నేను పైపు పట్టుకుని వరసల మధ్య తిరుగుతుంటే మేస్త్రమ్మ అంది, "కూర్చోండి బాబాయ్‌గారూ. మీరు నిలబడితే అవేమీ లేచి నిలబడవు."

కూర్చున్నాను.

సంఘం పెద్దాయన వచ్చాడు. వేళాకోళం ఆడతాడనుకున్నాను. ఆడలేదు. వరసలన్నీ తిరిగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పోనీలే అమ్మాయ్. గుంతలు తీసుకున్నాం కదా, ఖాళీగా ఉంచలేం. ఈ ఏటికి మొక్కలు వేరేచోట తెచ్చుకుంటాం. వచ్చే ఏటికి మాత్రం మట్టే. లారీవాడికి చెప్పేస్తాను."

"ఇంకొక్క ఏడు చూడరా బాబాయ్? తప్పు పొట్టుది కాదు, కడగడంలో వచ్చింది."

"నాకు నువ్వు చెబితే అర్థమవుతుంది. మావాళ్లకి ఎండిన మొక్కే కనబడుతుంది."

ఆమె తలూపింది. తప్పు ఎవరిదో మాత్రం చెప్పలేదు. నేను చెబుదామని లేచాను. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

మొత్తం మీద నలభై మూడు మొక్కలు బతికాయి. అన్నీ చివరి వరసలో, పైపు అతుకు కారే చోట ఉన్నవే. ఆ అతుకు బిగించమని అమ్మాయి నాకు నెల రోజులుగా చెబుతోంది. బద్ధకించి వదిలేశాను. చుక్క చుక్కగా కారి వాటి ఉప్పు అదే కడిగేసింది. నలభై మూడుకి ఒక తోట రాదు. అయినా రోజూ వెళ్లి లెక్కపెడుతున్నాను.

నిన్న సాయంత్రం కొండవాలు మీదికి మొదటి లారీ వెళ్లింది. మలుపులో గేరు మార్చిన చప్పుడు వంటగదిలోకి వినిపించింది. అమ్మాయి గరిటె ఆపి అటు తిరిగింది. తర్వాత కంచం పెట్టి వడ్డించింది. నా ముఖంలోకి చూడలేదు. నేను ముద్ద కలుపుకున్నాను. ఇన్నాళ్లూ అన్న మాట ఇక అనడానికి లేదు.

ఆమె తన కంచంలోంచి ముందు ఒక ముద్ద తింది.

"ఉప్పు కాస్త ఎక్కువైంది నాన్నా" అంది నెమ్మదిగా. "కారం సరిపోయింది. అమ్మ చేసినట్టు మాత్రం లేదు."

"అలాగా" అన్నాను.

"నీళ్లు తాగు."

గ్లాసు నా వైపు జరిపింది. తాగాను. చప్పగానే ఉండి ఉంటాయి.